మొహమాటం పద్దు

నెల మొదటివారంలో మన ఇళ్ళకి వచ్చినన్ని బిల్లులు చుట్టాలు కూడా రారు. కరెంటు బిల్లు, గ్యాసు బిల్లు, పాలవాడి లెక్క, కేబులు వాడి చీటీ, పిల్లల ఫీజు... ఒక్కోటీ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. చుట్టాన్నైనా "ఎవరి తాలూకు బాబూ?" అని అడుగుతాం గాని బిల్లుని మాత్రం ఆ ప్రశ్న అడగం. వచ్చిందంటే కట్టెయ్యడమే. అచ్చుకాగితం మీద అడుగున గీత గీసి "మొత్తం ఇంత" అని కనిపిస్తే చాలు, మనం బాకీ పడ్డట్టే. గడువు తేదీ ఎర్రక్షరాల్లో ఉందంటే ఇహ చెప్పక్కర్లేదు, ఆ రాత్రి నిద్ర పట్టదు.

అచ్చుకి అంత మహత్తు ఉందని నాకు బాగా తెలుసు. మాది అచ్చు వేసే ఇల్లే మరి. తెనాలిలో మా మామగారు పెట్టిన చిన్న ప్రెస్సు. ఆయన కాలంలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఉండేది. ఇప్పుడు ఆఫ్‌సెట్టూ, రెండు కంప్యూటర్లూ, నలుగురు పనివాళ్ళూ ఉన్నారు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు రికార్డు పుస్తకాలు అన్నీ వేస్తాం గాని, ఏడాది పొడుగునా అన్నం పెట్టేవి మాత్రం బిల్లు పుస్తకాలే. పైన తెల్లకాగితం, కింద గులాబీరంగుది, పక్కన నంబరు. ఆ నంబరింగు మిషను టకటకలే మా పిల్లలకి జోలపాటలు.

లెక్కలు నావి. జీతం సంగతి అడక్కండి. "ప్రెస్సంతా నీదే కదా" అంటారు మావారు. అంతా నాదే అయ్యాక జీతం ఎవరిస్తారు, ఎవరు పుచ్చుకుంటారు?

మా మామగారికి ఒక నియమం ఉండేది. ఎవరొచ్చి బిల్లు పుస్తకం వెయ్యమన్నా, ఆ షాపు యజమాని సంతకంతో ఉత్తరం తెమ్మనేవారు. తెలిసిన షాపైతే తానే నడిచివెళ్ళి కనుక్కొచ్చేవారు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఒకాయన మల్లెపూవులాంటి చొక్కా వేసుకుని వచ్చాడు. మా వీధి చివర ఇనపసామాన్ల కొట్టు బిల్లొకటి ముందు పెట్టి, అచ్చం ఇలాంటివే రెండు పుస్తకాలు కావాలన్నాడు. నంబరు కూడా ఒకటి నుంచి కాదట, నాలుగువందల ఎనభై నుంచి మొదలెట్టాలట. మామగారు "దానికేం, కాఫీ తాగి వెళ్ళండి" అని కూర్చోబెట్టి, వెనక దారిన కుర్రాణ్ణి ఆ కొట్టుకి పంపారు. కాఫీ వచ్చేసరికి కుర్చీ ఖాళీ. మా అత్తగారు ఆ వృధా అయిన కాఫీ గురించి చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. చిక్కటి పాలతో పెట్టారట.

ఇవాళ ఆ తెల్లచొక్కా మనిషికి ప్రెస్సుతో పనిలేదు. ఫోనులో ఐదు నిమిషాలు కూర్చుంటే ఎవరి పేరున కావాలంటే వాళ్ళ పేరున, బొమ్మతో, ముద్రతో, సంతకంతో బిల్లు తయారు. ఎన్నికల కరపత్రమైతే కింద అచ్చు వేసినవాళ్ళ పేరూ, చిరునామా ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. మన డబ్బు పట్టుకుపోవడానికి వచ్చే బిల్లుకి అలాంటి బాధ ఏమీ లేదు.

ఇలాంటివి మాకు వస్తూనే ఉంటాయి. మొదట వచ్చింది ఒక డైరెక్టరీ బిల్లు. దేశంలో ఉన్న ప్రెస్సులన్నిటి పేర్లూ వేసే గొప్ప గ్రంథంలో మా పేరు కూడా వేశారట. అందుకు నాలుగు వేలు, దానిమీద జీఎస్టీ ఏడువందల ఇరవై, వెరసి 4,720 రూపాయలు. ఏడాదికోసారి, సరిగ్గా పెళ్ళిళ్ళ సీజనులో, మావారికి తల గోక్కునే తీరిక లేనప్పుడు వచ్చేది. ఆయన ఫోనులోంచి రెండేళ్ళు కట్టారు. ఎప్పుడు కట్టారో నాకు చెప్పలేదు. మూడో ఏడు ఆ కాగితం నా చేతికొచ్చింది.

బిల్లు మీద జీఎస్టీ నంబరుంది. అది చూసి చాలామంది "ప్రభుత్వం ఇచ్చిన నంబరు ఉంది కదా" అని ఊరుకుంటారు. అసలు దాన్ని చదవడం మన జడ అల్లికకన్నా తేలిక. మొత్తం పదిహేను గళ్ళు. మొదటి రెండంకెలూ రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌ది 37, తెలంగాణది 36, తమిళనాడుది 33, ఢిల్లీది 07. తరువాతి పదీ ఆ వ్యాపారి పాన్ నంబరు. అందులో నాలుగో అక్షరం 'పి' అయితే మామూలు మనిషి, 'సి' అయితే కంపెనీ, 'ఎఫ్' అయితే భాగస్తుల సంస్థ. మా డైరెక్టరీ వాళ్ళ చిరునామా చూస్తే హైదరాబాదు, పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్. నంబరు చూస్తే మొదట్లో 07, లోపల నాలుగో అక్షరం 'పి'. ఒళ్ళు కంపెనీది, కాళ్ళు ఢిల్లీవి, మొహం ఇంకెవరిదో!

జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. డబ్బక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. నేను కొట్టి చూస్తే ఎవరో మనిషి పేరొచ్చింది, ఆ రిజిస్ట్రేషను రద్దయినట్టు వచ్చింది. డైరెక్టరీ ఊసే లేదు.

"రెండేళ్ళు కట్టాను కదా, అప్పుడేం కాలేదే!" అన్నారు మావారు.

"ఏమీ కాకపోవడమే కదండీ సంగతి. ఆ డైరెక్టరీ కూడా రాలేదు" అన్నాను.

4,720 అనే అంకెలోనే వాళ్ళ తెలివంతా ఉంది. నలభై వేలైతే నలుగురూ చూస్తారు. నాలుగు వేలైతే చూసే తీరికకన్నా కట్టడమే సులువనిపిస్తుంది. అమెరికాలో బిల్లు వేషం కట్టుకుని పోస్టులో వచ్చే ప్రకటనల బాధ ఎంత ముదిరిందంటే, వాటి మీద "ఇది బిల్లు కాదు" అని కొట్టొచ్చినట్టు అచ్చు వెయ్యాలని చట్టమే చేశారు.

మా వీధిలో కందిపొడి, కరివేపాకు పొడి చేసి అమ్ముకునే ఆవిడ ఉంది. చేతి చలవ మనిషి. ఆవిడకి ఒకసారి "ఉద్యం సర్టిఫికెట్టు రెన్యూవలు ఫీజు" అంటూ సింహాల ముద్రతో బిల్లొచ్చింది. గడువు దాటితే షాపు సీలు చేస్తారట. షాపంటే ఆవిడ వంటిల్లే! పాపం, వంటిల్లు సీలు చేస్తే పిల్లలకి అన్నం ఎక్కడ వండాలని బెంగపెట్టుకుని నా దగ్గరకొచ్చింది. ఉద్యం రిజిస్ట్రేషను 2020 జూలై 1న మొదలైంది. దానికి ప్రభుత్వం పైసా పుచ్చుకోదు. రెన్యూవలన్న మాటే అందులో లేదు. ఆ ముక్క చెబితే ఆవిడ ఊపిరి పీల్చుకుని, మర్నాడు ఒక సీసాడు కందిపొడి తెచ్చిచ్చింది. ఈ ప్రపంచంలో న్యాయంగా నాకు ముట్టిన ఫీజు అదొక్కటే.

ఇంకో రకం ఉంది. ఇది మోసపోయే రకం కాదు, మనల్నే మోసగాళ్ళని చేసే రకం. ఒకాయన వచ్చి "సరుకు అక్కర్లేదమ్మా, బిల్లు మాత్రం ఇస్తాం, మీకు పన్ను కలిసొస్తుంది, మాకు కమీషన్ ఇస్తే చాలు" అంటాడు. సరుకు పుచ్చుకోకుండా, ఉత్త కాగితం చూపించి, కట్టిన పన్ను తిరిగి రాబట్టుకోవడమన్నమాట. అది నేరం. నిజంగా సరుకు కొన్నా కూడా, అమ్మినవాడు ఆ బిల్లు తన లెక్కలో చూపించి పన్ను కట్టకపోతే మన పన్ను మనకి కలిసిరాదు. అందుకే నెలనెలా జీఎస్టీ సైటులో మన పేర ఏయే బిల్లులు పడ్డాయో చూసుకోవాలి. మా ఆడిటరుగారు చూస్తారు గాని నేనూ ఒకసారి చూస్తాను. మనం ఎన్నడూ పేరు వినని షాపు అందులో కనిపించిందా, అక్కడే ఆగి అడగాలి.

కొరియరు కుర్రాళ్ళు తెచ్చే పొట్లాల సంగతి ఒక్కమాటలో చెబుతాను. "సార్ తెప్పించారు, పద్ధెనిమిదివందలు ఇవ్వండి" అంటారు. సార్ బయటికెళ్ళిన వేళ చూసుకునే వస్తారు. మా ప్రెస్సులో పనిచేసే అబ్బాయి ఒకసారి తన జేబులోంచి ఇచ్చి పుచ్చుకున్నాడు. విప్పితే పాతగుడ్డలు. వాడు నెలజీతంలో కోసుకోమన్నాడు. నేను కొయ్యనివ్వలేదు. సార్ ఏం తెప్పించారో, ఏం తెప్పించలేదో వాడికి తెలిసే ఏర్పాటు మేమేం చేశాం గనక?

ఆ రోజే మావారిని ఒప్పించి మా అత్తగారి పద్ధతి ప్రెస్సులో పెట్టించాను. అత్తగారికి చాకలి పద్దు పుస్తకం ఉండేది. వేసిన బట్టలు ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని, డబ్బు ఎన్నిటికి అడుగుతున్నారు - ఈ మూడూ సరిపోతేనే చీరకొంగు ముడి విప్పేవారు. దుప్పటి ఒకటి తక్కువైతే ఆ దుప్పటి డబ్బు ఆగేది, మనిషి మీద కోపం మాత్రం వచ్చేది కాదు. "లెక్క లెక్కే, మజ్జిగ తాగి వెళ్ళు" అనేవారు. పెద్ద పెద్ద కంపెనీల్లో ఇదే పనిని చదువుకున్నవాళ్ళు కోటు వేసుకుని చేస్తారట. మా ప్రెస్సులోనూ ఇప్పుడు ఏది తెప్పించినా ఒక ఆర్డరు చీటీ, సరుకు దిగినప్పుడు లెక్కపెట్టుకున్న చీటీ, ఆపైన బిల్లు - మూడూ కలిపి ఇనపచువ్వకి గుచ్చితేనే డబ్బు కదులుతుంది.

అయితే ఈ చీటీలకి లొంగని మోసం ఒకటుంది. అసలు చెప్పాలనుకున్నది దాని గురించే. ఆ మోసానికి పెట్టుబడి మన మొహమాటం.

మొహమాటానికి పోతే ఏదో అయిందని మనవాళ్ళకో సామెత ఉంది. పూర్తిగా ఇక్కడ రాయను, మీకు తెలిసే ఉంటుంది. మనం అప్పిచ్చి అడగలేం. తూకం తక్కువైతే అడగలేం. "ఇది మీరే పంపారా?" అని అడిగితే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని అడగలేం. ముఖ్యంగా మనకంటే పెద్దవాళ్ళని, ఏళ్ళ తరబడి ఎరిగున్నవాళ్ళని.

2024 ఏప్రిల్‌లో జరిగింది. మే 13న పోలింగు. అసెంబ్లీకీ, పార్లమెంటుకీ ఒక్కసారే ఎన్నికలు కావడంతో ఊళ్ళో ప్రెస్సులన్నీ రాత్రింబవళ్ళు ఆడుతున్నాయి. కాగితానికి కటకట. మాకు కాగితం సరఫరా చేసేది బెజవాడలో ఒక పెద్దాయన. మామగారి రోజుల నుంచీ అక్కడే కొంటున్నాం. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తాను. మా పెద్దమ్మాయి పెళ్ళి శుభలేఖలకి కాగితం ఊరికే పంపించిన మనిషి.

లారీ వచ్చింది, కాగితం దిగింది, నేనే రీములు లెక్కపెట్టించాను. రెండోనాడు కంప్యూటరులో మెయిలొచ్చింది. బిల్లు 1,86,420 రూపాయలు. ఆర్డరు చీటీకి సరిపోయింది, దిగుమతి చీటీకి సరిపోయింది. బాబాయిగారి షాపు బొమ్మ, ఆయన జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, ఆఖరికి ఆయన ఎప్పుడూ రాసే "ధన్యవాదములు" కూడా అలాగే ఉంది. మెయిలు కూడా ఆయన మెయిలు నుంచే వచ్చింది. ఒక్కటే తేడా. "ఆడిటు జరుగుతున్నందున మా పాత ఖాతా కొన్నాళ్ళు ఆపారు, దయచేసి ఈ కింది ఖాతాకి ఇవాళే పంపగలరు" అని రెండు లైన్లు, కింద కొత్త నంబరు.

మూడు చీటీలూ సరిపోయాయి. చాకలి పద్దు ప్రకారం కొంగు ముడి విప్పెయ్యాలి. కాని ఖాతా నంబరు మారడమంటే నా దృష్టిలో బట్టలు తీసుకెళ్ళినవాడొకడు, డబ్బుకి వచ్చినవాడొకడు.

"బాబాయిగారికి ఒకసారి ఫోన్ చేస్తానండీ" అన్నాను.

"నీకేమైనా మతి పోయిందా?" అన్నారు మావారు. చేతులనిండా ఇంకు, కళ్ళనిండా నిద్ర. "నాన్నగారి కాలం నుంచీ ఉన్న మనిషి. నీ ఖాతా నీదేనా అని అడుగుతామా? పైగా ఇప్పుడు ఆయనకి కోపమొస్తే రేపు కాగితం ఎవరిస్తారు?"

నిజానికి ఆ దొంగ లెక్క కూడా అదే. ఎన్నికల వేళ తీరిక ఉండదు. కాగితం దొరకదన్న భయం ఉంటుంది. పెద్దాయన మీద గౌరవం ఉంటుంది. ఈ మూడూ కలిస్తే మనిషి ఫోను తియ్యడు.

బిల్లు మీద ఒక సెల్లు నంబరు ఉంది గాని నేను దానికి చెయ్యలేదు. ఎవరి కాగితాన్ని శంకిస్తున్నామో ఆ కాగితం మీది నంబరుకే ఫోను చేస్తే, దొంగనే పిలిచి "నువ్వు దొంగవా?" అని అడిగినట్టుంటుంది. మా ప్రెస్సు గోడ మీద మామగారు పెన్సిలుతో రాసిన నంబర్లున్నాయి. సున్నం వేయించినప్పుడల్లా ఆ జానెడు చోటు వదిలేయిస్తాను. ఆ నంబరుకి చేశాను.

"ఏమ్మా, నా బిల్లు మీద అనుమానమొచ్చిందా?" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు గాని ఆ నవ్వు చివర కాస్త ముల్లు తగిలింది.

"బిల్లు మీద కాదు బాబాయిగారూ. ఖాతా మారిందని రాశారు, దానిమీద."

అటువైపు చప్పుడు లేదు. తరువాత "నా ఖాతా మారలేదమ్మా" అన్నారు. ఆ గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు.

తరువాత బయటపడింది. ఆయన షాపులో కంప్యూటరు చూసే కుర్రాడు ఏదో మెయిల్లో వచ్చిన లింకు నొక్కి, పాస్‌వర్డు కొట్టాడు. అప్పటి నుంచీ ఎవరో ఎక్కడో కూర్చుని, ఆ షాపు నుంచి వెళ్ళే ఉత్తరాలన్నీ చదువుతూ వచ్చారు. ఎవరికి ఏ కాగితం వెళుతోంది, ఎంత బాకీ, ఏ భాషలో మర్యాదగా రాస్తారు - అన్నీ నేర్చుకున్నారు. నేర్చుకున్నాక, అసలు బిల్లునే తీసుకుని, ఖాతా నంబరు, కింద ఫోను నంబరు మార్చి పంపారు. అంటే అది దొంగ బిల్లు కూడా కాదు. నిజమైన బిల్లుకి దొంగ చెయ్యి తగిలించారు. అందుకే చీటీలేవీ పట్టుకోలేకపోయాయి.

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. బ్యాంకులో మనం ఖాతా నంబరూ, పేరూ రెండూ రాస్తాం కదా, రెండూ సరిచూసి పంపుతారని నేననుకునేదాన్ని. అలాకాదు. డబ్బు వెళ్ళేది నంబరుని బట్టే. పేరు బాబాయిగారిదే రాసినా, నంబరు దొంగదైతే దొంగకే చేరేది. అందుకే రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 లోగా ఒక ఏర్పాటు చెయ్యమని బ్యాంకులన్నిటికీ చెప్పింది. నెఫ్ట్‌లో, ఆర్టీజీఎస్‌లో డబ్బు పంపే ముందు, ఆ నంబరు ఎవరి పేరున ఉందో మనకి తెరమీద కనిపించాలి. ఆ పేరు కనిపించినప్పుడు చదవండి. చదవకుండా "సరే" నొక్కే వేళ్ళు మా ఇంట్లోనే నాలుగున్నాయి.

బాబాయిగారు ఆ సాయంత్రమే తన ఖాతాదార్లందరికీ వరసగా ఫోన్లు చేశారు. అప్పటికే ఒకరు కట్టేశారు.

వాళ్ళదీ ప్రెస్సే, మా జిల్లాలోనే ఇంకో ఊళ్ళో. రెండు లక్షల పైచిలుకు. కట్టి పన్నెండురోజులైంది. 1930కి ఫోను చేసి, సైబర్ క్రైమ్ వాళ్ళ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టారు గాని, ఈలోపల ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారిందో. ఈ నంబరుకి ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. డబ్బు ఇంకా ఏదో ఒక బ్యాంకులో నిలిచి ఉన్నప్పుడే దాన్ని అక్కడ ఆపగలరు. పన్నెండురోజుల తరువాత ఆపడానికి ఏముంటుంది?

అక్కడినుంచి తగవు మొదలు. "నేను మీ బిల్లుకి కట్టాను, మీ మెయిలుకే కట్టాను" అంటారాయన. "నాకు రాలేదు కదా" అంటారు బాబాయిగారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇరవైరెండేళ్ళుగా ఒకరింటికి ఒకరు కొత్తబియ్యం పంపుకున్న మనుషులు. ఆఖరికి వ్యాపారంలోని పెద్దలు కూర్చుని చెరిసగం అన్నారు. సగం కట్టడానికి ఆ ఇంటావిడ గాజులు తాకట్టుకి వెళ్ళాయి. ఆవిడే నాకు చెప్పింది. చెప్పి, చేతులు పమిట కింద దాచుకుంది.

గాజులకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆ డబ్బు పంపింది వాళ్ళమ్మాయి. డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు తండ్రికి లెక్కలు చూసిపెట్టేది. తండ్రి మిషను దగ్గరనుంచి "బెజవాడ బిల్లు పంపెయ్యమ్మా" అని కేకేశాడు, పిల్ల పంపింది. "నాన్నా, ఖాతా మారిందంటున్నారు" అని ఒకసారి చెప్పిందట కూడా. "ఆయన్ని మనం అడుగుతామా, పంపెయ్" అన్నాడట. ఇప్పుడేమో ఇంట్లో వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ "అమ్మాయి చూసుకోకుండా పంపేసింది" అనడమే. పిల్ల లెక్కల పుస్తకం ముట్టుకోవడం మానేసింది.

చూశారా, చిన్న వ్యాపారాల్లో లెక్కలు చూసేది చాలా ఇళ్ళల్లో మనమే. భార్యో, కూతురో, కోడలో. మీట నొక్కే పని మనకి ఇస్తారు. ఆగి అడిగే అధికారం మాత్రం ఇవ్వరు. డబ్బు పోయినరోజున మీట ఎవరు నొక్కారో అందరికీ గుర్తుంటుంది, అడగొద్దని ఎవరన్నారో ఒక్కరికీ గుర్తుండదు.

నేను వాళ్ళింటికి వెళ్ళి, తండ్రి వింటూండగానే ఆ పిల్లతో ఒక సంగతి చెప్పాను. లిథువేనియా దేశంలో ఎవాల్డాస్ రిమసౌస్కస్ అని ఒకడున్నాడు. గూగుల్, ఫేస్‌బుక్ కంపెనీలకి కంప్యూటరు సామాను అమ్మే తైవాను కంపెనీ ఒకటి ఉంది కదా, సరిగ్గా ఆ పేరుతోనే లాట్వియాలో ఇంకో కంపెనీ పెట్టాడు. 2013 నుంచి 2015 దాకా ఆ రెండు కంపెనీలకీ దొంగబిల్లులు పంపాడు. వాళ్ళు నిజంగా సరుకు కొంటూనే ఉన్నారు గనక బిల్లులు కట్టేశారు. అలా పోయింది పదికోట్ల డాలర్లకి పైన! 2019 డిసెంబరులో అమెరికా కోర్టు అతనికి ఐదేళ్ళ శిక్ష వేసింది. "అంత మంది ఆడిటర్లూ, లాయర్లూ ఉన్న గూగులు వాళ్ళే కట్టారమ్మా, నువ్వెంత! పైగా నువ్వు ఖాతా మారిందని గమనించావు. వాళ్ళు అదీ చెయ్యలేదు" అన్నాను. పిల్ల నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. తండ్రి లేచి మిషను దగ్గరకి వెళ్ళిపోయాడు. ఆ తరువాతి నెల నుంచి లెక్కల పుస్తకంలో మళ్ళీ ఆ పిల్ల దస్తూరీయే కనిపిస్తోందని వాళ్ళమ్మ చెప్పింది.

మా ఇంట్లో ఇప్పుడు ఇదో మాటైపోయింది. ఖాతా మారిందని ఎవరు రాసినా, రాసింది దేవుడైనా, గోడమీది నంబరుకి ఫోను చేసి గొంతు విన్నాకే డబ్బు. కొత్తఖాతా అయితే ముందు ఒక్క రూపాయి పంపి, "అందిందా బాబాయిగారూ?" అని ఆ గోడనంబరు మీదే అడుగుతాను. ఇరవై వేలు దాటిన ఏ బిల్లుకైనా ఇద్దరం చూడాలి, ఒకళ్ళు ఊళ్ళో లేకపోతే రేపటిదాకా ఆగాలి. "ఇవాళే కట్టాలి" అని రాసి ఉంటే మరీ ఆగాలి. ఇంతవరకూ ఒకరోజు ఆలస్యమైందని మాకు కాగితం ఆపినవాళ్ళు లేరు. మెయిలు పాస్‌వర్డు మావారి ఎరుకలో ప్రెస్సు పేరూ, దాని పక్కన 123 ఉండేది. అది మార్పించడానికి మాత్రం ఎన్నికలకన్నా ఎక్కువ ప్రచారం చెయ్యాల్సొచ్చింది.

బాబాయిగారు ఒకటి రెండు నెలలు మాతో ముభావంగానే ఉన్నారు. నన్ను తప్పుపట్టి కాదు, ఆయనకి సిగ్గుగా ఉందని నాకు తెలుసు. దసరాకి తానే వచ్చారు. కొత్త బిల్లు పుస్తకాలు వెయ్యమన్నారు. అడుగున రెండు లైన్లు లావక్షరాల్లో వెయ్యాలన్నారు: "మా బ్యాంకు ఖాతా మారదు. మారిందని ఎవరు చెప్పినా, మీకు పాతగా తెలిసిన నంబరుకి ఫోను చేసి అడగండి. మేము ఏమీ అనుకోము."

ఆ "ఏమీ అనుకోము" అన్న మాట ఆయనదే. నేను చెప్పలేదు.

పాతిక పుస్తకాలు వేసి పంపాం. నాణ్యమైన కాగితం, రెండు రంగుల అచ్చు. మా బిల్లు వెళ్ళి ఐదునెలలు దాటింది. డబ్బు ఇంకా రాలేదు. ఒకసారి ఫోను చేసి అడగమంటే మావారు గోడమీది నంబరు కేసి చూసి, తల గోక్కుని, "పెద్దాయన కదే, ఎలా అడుగుతాం?" అంటున్నారు.